అందరికీ తెలిసిన యుద్ధనీతి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అత్తయ్య మోకాలు కూడా క్షేమమే. నా టైపు మిషనే కాస్త మూలుగుతోంది.

నేను రిటైరయ్యాక ఒక పాత భాష నేర్చుకున్నానని నీకు తెలుసు కదా. అందులో ఎప్పుడో ఒక ముసలి మంత్రి తన రాజు కోసం యుద్ధనీతి రాసిపెట్టాడు. దాన్ని మన భాషలోకి దించుతున్నాను. మొదటి అధ్యాయం ఒక కొలిక్కి వచ్చాక ప్రచురణకర్తకి చూపించాను. పండితుల మెప్పు ఆయనకి అక్కర్లేదట. పుస్తకాల జోలికి పోని మామూలు మనిషి ఎవరైనా మొత్తం చదివి, బాగుందని రాసి సంతకం పెడితే అచ్చు వేస్తాడట. పుస్తకాల జోలికి పోని మనిషి అనగానే నువ్వే గుర్తొచ్చావు. ఇందులో నొచ్చుకోవడానికేం లేదు, నీ మంచికే.

చదివి మొహమాటం లేకుండా రాయి. అసలు ప్రతి నా దగ్గరుంది కాబట్టి దాచాలన్న బెంగ పెట్టుకోకు.

ఉంటాను,
మీ మామయ్య

తా.క.: నీ లాండ్రీలో ఆవిరికి పాడవకుండా మందపాటి కాగితం మీద టైపు చేశాను. చదవకపోవడానికి ఆ వంక కూడా లేకుండా చేశానని గమనించు.

*

మామయ్యకి నమస్కారాలు.

చదివాను. మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నాను, ఇందులో కొత్తేముంది? ‘సైన్యానికి తిండి ముందు, నడక తరవాత.’ ‘చలికాలం దండయాత్రకి వెళితే కంబళ్ళు తీసుకెళ్ళు.’ కంబళ్ళు తీసుకెళ్ళమని ఒక మంత్రి చెప్పాలా? అప్పటి రాజులు మరీ అంత అమాయకులా? ఇవన్నీ మా షాపులో ఇస్త్రీ అక్కకి కూడా తెలుసు. చదివి వినిపిస్తే, “ఇది రాసినందుకు ఆయనకి జీతం కూడా ఇచ్చారా?” అంది.

ఇక్కడి సంగతులు. మా ఎదురుగా కొత్త లాండ్రీ తెరిచారు. మన షాపు బతికేది స్టేషను పక్కన హోటల్ వాళ్ళ దుప్పట్ల మీదే అని మీకు తెలుసు. ఆ పని ఎదురుషాపుకి పోయిందంటే నేను షట్టరు దించుకోవాల్సిందే. అందుకే నేనూ ఊరుకోలేదు. వచ్చే సోమవారం నుంచి పొద్దున ఇచ్చిన బట్టలు సాయంత్రానికే ఇస్తామని పెద్ద బోర్డు రాయించి పెట్టాను. ఎదురుషాపు ఆయన గుమ్మంలో నిలబడి దాన్ని రెండుసార్లు చదివాడు. మొహం చూడాలి.

మీ మేనల్లుడు

తా.క.: కాగితం మాత్రం చాలా బాగుంది మామయ్యా. చక్కగా నిలబడుతుంది. ఇంకా పంపండి.

*

చిరంజీవి మేనల్లుడికి,

నీ ఉత్తరం చూసి మీ అత్తయ్యకి చదివి వినిపించాను. కొత్తేముంది అన్నావంటే నా అనువాదం అంత సులువుగా ఉందన్నమాట. ఇంకా పంపమన్నావు కూడా. ఒక మామూలు పాఠకుడు రెండో అధ్యాయం కోసం ఎదురుచూస్తున్నాడని ప్రచురణకర్తకి వెంటనే చెప్పాను.

నువ్వడిగినదానికి జవాబు. రాజు అమాయకుడు కాడు. కానీ వాళ్ళ నాన్న పోయిన మర్నాడే సైన్యం చేతికొచ్చింది. అంతకుముందు తన కంబళి తను మోసుకున్న పాపాన పోలేదు. అలాంటివాడితో “మీరు కంబళ్ళు మర్చిపోయారు ప్రభూ” అంటే మంత్రి తల ఉంటుందా? అందుకే ‘తెలివైన రాజు కంబళ్ళు తీసుకెళతాడు’ అని రాసి, చదివి వినిపించాడు. ఎవరినీ ఉద్దేశించనట్టు మాట్లాడటం ఆ ఉద్యోగంలో ముఖ్యమైన పని.

రెండో అధ్యాయం పంపుతున్నాను. రహస్యం గురించి.

ఉంటాను,
మీ మామయ్య

తా.క.: మీ బోర్డు సంగతి రాసినచోట నీ చేతిరాత అర్థం కాలేదు. ఏదో వచ్చే సోమవారం ఎవరి మొహమో చూడాలని రాశావు. చూసిరా, మంచిదే.

*

మామయ్యకి,

అమ్మ మీకు ఫోను చేసిందా లేదా, ఆ ఒక్క ముక్క చెప్పండి.

నా బోర్డు చూసి ఎదురుషాపు ఆయన శుక్రవారమే సాయంత్రం డెలివరీ మొదలుపెట్టాడు. సోమవారం నేను మొదలుపెడితే, చూసి నేర్చుకున్నావా అని జనం నన్నడిగారు. ఆ మంట మీద ఉండగా మీ రెండో అధ్యాయం వచ్చింది. మొదటి వాక్యమే, ‘తన దారిని ముందే చాటుకునే సేనాని, శత్రువుకి జీతం లేని గూఢచారి.’

ఆ సేనాని ఎవరో నాకు తెలియదనుకున్నారా? చేతిరాత అర్థం కాలేదని ఒక వంక. ఎవరినీ ఉద్దేశించనట్టు మాట్లాడటం గురించి ముందుగానే ఒక పాఠం. ఇది పాత పుస్తకమూ కాదు, ఏమీ కాదు. అమ్మ మీ చెవిలో వేస్తుంటే మీరు అక్కడ కూర్చుని నా మీద టైపు కొడుతున్నారు. సొంత మేనల్లుడి పుండు మీద కారం చల్లడానికి ముసలి మంత్రిని అడ్డం పెట్టుకోవాలా?

మీ సలహాలు నాకక్కర్లేదు. హోటల్ మేనేజరుకి ఇవాళే మాట ఇచ్చాను, ఇకమీదట హోటల్ దుప్పట్లన్నీ ఏ రోజువి ఆ రోజే ఇచ్చేస్తానని. అందరం భోజనం కూడా మానేసి ఉతుకుతున్నాం. చూద్దాం ఎవరు గెలుస్తారో.

ఇట్లు,
జీతం లేని గూఢచారి

తా.క.: కోపం వేరు, పని వేరు. మూడో అధ్యాయం కూడా ఆ మందపాటి కాగితం మీదే పంపండి. కాస్త ఎక్కువ పేజీలుంటే మేలు.

*

చిరంజీవి మేనల్లుడికి,

మీ అమ్మ నాకు ఫోను చేసి చాలా కాలమైంది. నేనే చెయ్యాలని ఆవిడ, ఆవిడే చెయ్యాలని నేను. ఆ సంగతి వదిలెయ్.

నీ ఉత్తరంలో మొదటి సగం చదివి బాధపడ్డాను. నేను నమ్ముకుని చేస్తున్న పనిని దొంగరాత అన్నావు. తా.క. చదివాక బాధ సగం తగ్గింది. తిడుతూ కూడా ఎక్కువ పేజీలు కావాలంటున్నాడంటే ఎంత పట్టి చదివిస్తోందో చూడండని ప్రచురణకర్తకి రాశాను.

ఈ రాత పాతది అనడానికి ఒక్క రుజువు చెబుతాను. ఆ భాషలో బోర్డుకి మాట లేదు, లాండ్రీకి అంతకన్నా లేదు. ప్రతి అధ్యాయం చివరా మంత్రి ఒక వాక్యం రాసుకున్నాడు. పాఠానికి సంబంధం లేదని ఇన్నాళ్ళూ వదిలేశాను. నీ కోపం చూశాక, అది కూడా అనువదించి మూడో అధ్యాయం చివర పెట్టాను. ‘ఇది విని రాజుగారు, ఇందులో కొత్తేముంది అన్నారు.’ అన్ని అధ్యాయాల చివరా ఇదే వాక్యం. ఆ రాజుకి రాజ్యం ఎన్నాళ్ళు నిలిచిందో ఎక్కడా లేదు. రాసినాయన మర్యాదస్తుడు.

ఉంటాను,
మీ మామయ్య

తా.క.: మూడో అధ్యాయం రెండు విషయాల మీద. దిగేముందు ఏటి లోతు చూసుకోవడం, కోపంలో రాయబారానికి వెళ్ళకపోవడం. నీకు వీటితో ఏ సంబంధమూ ఉండదనే అనుకుంటున్నాను. ఉంటే ముందే క్షమించు.

*

మామయ్యకి నమస్కారాలు.

మూడో అధ్యాయం వచ్చేసరికి నేను ఇంట్లో లేను. హోటల్ మేనేజరు మీద అరవడానికి వెళ్ళాను.

జరిగింది ఇది. మాట ఇచ్చేముందు మా బట్టలారేసే మిషను ఎన్ని దుప్పట్లు ఆరబెట్టగలదో చూసుకోలేదు. సగం దుప్పట్లు తడితడిగానే వెళ్ళాయి. మధ్యాహ్నం ఇస్త్రీ అక్క ప్లగ్గు పీకేసి, అన్నం తిన్నాకే మళ్ళీ పెడతానంది. “తిండి ముందు, నడక తరవాత. మీరే కదా చదివి వినిపించారు,” అంది. మా ఆవిడ అక్క పక్కనే కూర్చుని తనూ క్యారేజీ విప్పింది. అంతలో మేనేజరు ఫోను చేసి తడి దుప్పట్ల మీద ఒక మాటన్నాడు. నేను ఒంటికాలి మీద లేచి, వెళ్ళి పది మాటలన్నాను. ఆయన నెమ్మదిగా, నెలాఖరు నుంచి పని ఎదురుషాపుకి ఇచ్చేస్తానన్నాడు. ఇంటికొచ్చేసరికి బల్ల మీద మీ ఏరూ, మీ రాయబారమూ.

చదివాను మామయ్యా. అన్నీ నాకు తెలిసినవే. ఒక్కటైనా తెలియనిది ఉంటే ఇంత సిగ్గేసేది కాదు. మీ పనిని దొంగరాత అన్నందుకు క్షమించండి.

ఇప్పుడు మీకు కోపం వచ్చే సంగతి. మడతపెట్టిన చొక్కా బిర్రుగా నిలబడటానికి లోపల ఒక అట్ట పెడతాం. మీ మొదటి అధ్యాయం వచ్చినప్పుడు అట్టలు అయిపోయాయి. నేను చదివేశాను, అసలు ప్రతి మీ దగ్గరుందన్నారు, కాగితం చూస్తే అంత మందం. అప్పటినుంచి హోటల్ మేనేజరు చొక్కాల్లో వెళుతున్నది మీ యుద్ధనీతే.

నిన్న ఆయన షాపుకొచ్చాడు. చేతిలో పేజీలు, వరసగా పెట్టి దారంతో కుట్టినవి. ముందుగా ఎదురుషాపులో పరీక్షకి రెండు చొక్కాలు ఇచ్చి చూశాడట. “మడత బాగానే ఉంది. లోపల పేజీ లేదు,” అన్నాడు. చివరి అధ్యాయం అందేదాకా దుప్పట్లు మన దగ్గరే ఉంటాయట, ఆరబెట్టి ఇస్తే.

అంత నచ్చిందా అని అడిగాను. “నాకేముంది, ఇవన్నీ తెలిసినవే. మా యజమానికి బుద్ధి రావాలని ఆయన బల్ల మీద పెడుతున్నాను,” అన్నాడు. వెళ్ళబోతూ మళ్ళీ వెనక్కొచ్చి, “ఆయన కూడా ఇందులో కొత్తేముందనే అన్నాడు. కానీ మేనేజర్లందరి చేతా చదివించాలట,” అని చెప్పాడు.

బాగుందని రాసి సంతకం పెట్టమంటే అక్కడే పెట్టిచ్చాడు. ఇందులో జతచేశాను, మీ ప్రచురణకర్తకి ఇవ్వండి. కానీ ఒక్క మనవి. ఆ మంత్రి ఎన్ని అధ్యాయాలు రాశాడో నాకు తెలియదు. మీరు మాత్రం తొందరపడకండి, తీరిగ్గా అనువదించండి. మా షాపు ఇప్పుడు ఆయన మీదే బతుకుతోంది.

మీ మేనల్లుడు

తా.క.: ఎదురుషాపు ఆయన ఇవాళ పొద్దున తన చొక్కా ఒకటి మన దగ్గరికి ఇస్త్రీకి పంపాడు. శ్రద్ధగా చేసి, లోపల ఉత్త అట్ట పెట్టి పంపాను.