ఏడవని పిల్లలు

ఆగిరిపల్లి,
12-5-1963

అన్నయ్యకు,

తోట కాపలాకి నువ్విచ్చిన కుక్క నిన్న పొద్దున ఈనింది. రెండు పిల్లలు మామూలుగా పుట్టి వెంటనే కుయ్యిమన్నాయి. మూడోది అడ్డం తిరిగితే నూజివీడు నుంచి పశువుల డాక్టరుగారిని పిలిపించాం. ఆయన కుక్కకి మత్తిచ్చి, పొట్ట కోసి దాంతో కలిపి మూడింటిని తీశారు. అవి కదల్లేదు, ఏడవలేదు. ఆయన కుట్లు వేస్తుండగానే, చచ్చాయనుకుని నేనే మన పాలేరు పోలయ్య చేతికిచ్చాను. మామిడి మొదట్లో పాతితే కాపు బాగుంటుందని మనవాళ్లు చేసేదేగా.

కుట్లయ్యాక డాక్టరుగారు, "తీసిన పిల్లలేవమ్మా? తల్లికిచ్చిన మత్తు వాటికీ ఎక్కుతుంది. కోసి తీసినవి వెంటనే ఏడవవు, గుడ్డతో గట్టిగా రుద్దాలి" అన్నారు.

పరిగెత్తాను. పోలయ్య అప్పుడే గోతిలోకి మన్ను లాగుతున్నాడు. పైకి తీసి రుద్దితే రెండు కుయ్యిమన్నాయి. మూడోది దక్కలేదు.

నాలుగేళ్ల కిందట ఆస్పత్రిలో నాకూ కోసే తీశారు. బాబు ఏడవలేదన్నారు. నాకు మత్తు వదిలేసరికే నువ్వు వాణ్ణి పూడ్చి వచ్చావు. నిన్ను తప్పుపట్టడం లేదు. కార్డు మీద వద్దు, కవరులో రాయి. ఆ రోజు వాణ్ణి ఎవరైనా గుడ్డతో రుద్దారా?

నీ చెల్లెలు