దిగను సార్, రాసియ్యండి

ఆగస్టు 4, సోమవారం

మళ్లీ ఆపాడు. అదే మూల, అదే పోలీసు సారు. పేరు చొక్కా మీద ఉంటుంది, కానీ ఈ పేజీలో రాయను. మూలాయన అంటే చాలు.

బండిలో తిమ్మక్క తోట గులాబీలు. బేరికె నుంచి తెల్లారకముందే ఎక్కించినవి. ఏడింటి లోపల హోసూరు పూలమార్కెట్లో దించాలి. కాగితాలన్నీ చూశాడు... ఇన్సూరెన్సు, పర్మిటు, పొగ సర్టిఫికెట్, పోయిన ఏడాది నలభై ఏళ్ల వయసులో పరీక్ష రాసి తెచ్చుకున్న నా లైసెన్సు. తప్పు దొరకలేదు. అప్పుడేం చేశాడు? ఆర్.సి. బుక్కు చేత్తో పట్టుకుని రోడ్డుకి అవతలి గట్టుకి పోయి నిలబడ్డాడు. అంతే. తిట్టడు, అడగడు. ఎండ ఎక్కేదాకా అలాగే నిలబడతాడు. పువ్వు ఆగదని ఆయనకి తెలుసు.

దిగాను. చెప్పులు విడిచాను. దగ్గరికి పోయి ఒక నవ్వు నవ్వాను. మడతలో నోటు పెట్టి ఇచ్చాను.

మధ్యాహ్నం దాకా నోరంతా చేదు.

ఆగస్టు 5

ఇవాళ ఆపలేదు. నన్ను చూసి నవ్వి చెయ్యూపాడు. ఆపి ఉన్నా బాగుండేది.

ఆగస్టు 6, బుధవారం

మామతో వాదన. ముప్పై ఏళ్లు లారీ తోలి, మోకాళ్లు అరిగి, ఇప్పుడు గడపలో కూర్చుని నా బండికి గురువుగా ఉన్నాడు మా మామ. స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే. పోలీసుని పట్టడం కూడా ఆయనే నేర్పాడు: ‘ఈల ఇనబడితే దిగు. చెప్పులిడువు. సారు నోరు తెరవకముందే బుక్కియ్యి. మడతలో ఏముందో ఆయన చూసుకుంటాడు.’

“తప్పు లేకపోయినా ఇయ్యాల్నా మామా?”

“తప్పుంటే ఎక్కువ, లేకుంటే తక్కువ. అంతే గదమ్మా.”

మా అమ్మాయి కావ్య ఫోన్ తీసి చదివింది. కాగితాలు ఫోన్లో చూపించినా చెల్లుతాయట. తాళంచెవి లాక్కోకూడదట. లైసెన్సు తీసి పెట్టుకుంటే రసీదు ఇవ్వాలట. రసీదు అనే మాటకి మామ పగలబడి నవ్వాడు. “పులిని అడుగు, రసీదిస్తుంది!”

నాకూ నవ్వొచ్చింది. వచ్చినందుకు నా మీద నాకే కోపం. లేచి పోయి బుక్కు మడతలో ఎప్పుడూ ఉండే నోటు తీసేశాను. ఇక పెట్టను.

ఆగస్టు 7, గురువారం

రేపు వరలక్ష్మీ వ్రతం. కృష్ణగిరికి చామంతి లోడు. ఊరు ఇంకా రాకముందే హైవేలో చెకింగు. కొత్తగా వచ్చిన ఎస్.ఐ. మేడమ్, చేతిలో లాఠీ లేదు, పెన్ను ఉంది. పక్కకి తీశాను. చూడు నా అలవాటు – ఆమె నోరు తెరవకముందే దిగాను, చెప్పులు విడిచాను, బుక్కు అందించాను.

మడతలోంచి నోటు జారి ఆమె బూటు మీద పడింది.

నేను పెట్టలేదు. ఎవరు పెట్టారో ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

“ఎన్నమ్మా ఇదు?” అంది, ఇదేమిటని. తమిళం తెలుగు రెండూ మరిచిపోయాను. బండి వెనక్కి పోయి చూసింది. వేలాడే గోనెపట్ట నంబరుని సగం కప్పేసింది. “ఇది చిన్న తప్పు” అంది. కింద పడిన నోటు చూపించి, “ఇది పెద్దది.” లైసెన్సు తీసి పెట్టుకుంది. సోమవారం పదింటికి స్టేషన్‌కి రమ్మంది. ఆ నోటు ఎందుకు పెట్టానో రాసి తేవాలి. చదివాక కేసు రాయాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం.

అప్పుడు ఒక కాగితం మీద రాసి, చించి ఇచ్చింది. రసీదు! దాంతో అప్పటిదాకా బండి తోలవచ్చట. నా బతుకులో పోలీసులిచ్చిన మొదటి రసీదు, అదీ అడగకుండానే. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను.

కేసు రాస్తే లైసెన్సు పోతుంది. పోతే తిమ్మక్కా, ఇంకో రెండు తోటలవాళ్లూ ఎన్ని రోజులని చూస్తారు? వేరే బండి చూసుకుంటారు. వాళ్ల తప్పేం ఉంది.

ఆగస్టు 8

కలశం పెట్టాను. అమ్మవారిని సిరులు అడగలేదు. లైసెన్సు అడిగాను.

ఆగస్టు 9, శనివారం

మామ ఒప్పుకున్నాడు. “నేనే పెట్టినా. నువ్వు తీసేసింది చూసినా. పండగ లోడు... లేటయితాదని...”

“నన్నడిగినావా మామా?”

“అడిగింటే ఒద్దంటావని అడగలే.”

నోటికొచ్చింది అనేశాను. నీ లారీ కాలం పోయింది అన్నాను. నీ తలకాయ ముప్పై ఏళ్లూ వంగే ఉంది అన్నాను. ఆ మాట అనకూడదు. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. నేనూ తినలేదు. అన్నం అలాగే ఉంది, కావ్య ఒక్కతే మా ఇద్దరినీ చూస్తూ కూర్చుంది.

ఆగస్టు 10, ఆదివారం

రాయాలి. ఏం రాయాలి?

పొద్దున స్టాండులో సెల్వం – చామంతి బండి తోలేవాడు – సలహా ఇచ్చాడు. “డీజిలికి ఎత్తిపెట్టుకున్నదని రాయక్కా. అంతా అట్లే రాస్తారు.” రాశాను. చదువుకుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. చింపాను.

రెండోది: అంతా మామ పనే, నాకేమీ తెలియదు. ఇది నిజమే... కానీ సోమవారం మూల మీద ఇచ్చింది ఎవరి చెయ్యి? చింపాను.

మూడోది ఉన్నదున్నట్టు రాశాను. ‘నోటు మా మామ పెట్టినాడు. కానీ అదే వారంలో ఇంకో చోట నేనే పెట్టి ఇచ్చినాను. మాకు కేసంటే భయం లేదు మేడమ్, లేటంటే భయం. మా కాగితాలు సరిగ్గా ఉంటాయి. అయినా బుక్కు చేతిలో పట్టుకుని నిలబడితే చాలు, పువ్వు వాడిపోతుంది. అందుకే పూల బండ్లోళ్లందరం దిగి ఇచ్చేస్తాము. తప్పే. నేను మానేస్తాను.’

మూల పేరు రాయలేదు. రేపట్నుంచి మళ్లీ ఆ దారినే పోవాలి కదా. ధైర్యం అక్కడిదాకే వచ్చింది.

కావ్య తమిళంలోకి మార్చి రాసింది. రాస్తూ ఒకసారి తలెత్తి నన్ను చూసింది.

మామ గడపలోంచి: “నేనూ వస్తా. పెట్టింది నేను గదా.” నిన్నటి తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట.

ఆగస్టు 11, సోమవారం

గెలిచాను. ముందు ఆ మాట రాసుకుని తర్వాత మిగతాది.

స్టేషన్ మెట్ల దగ్గరే మామ చెప్పులు విడిచేశాడు. నేనూ విడవబోయి ఆగాను. మేడమ్ కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత తెలుగులో, “మాది బర్గూరు పక్కనే, తెలుగులోనే చెప్పండి. పెట్టింది ఎవరు?”

మామ ఒక అడుగు ముందుకి వేశాడు. “నేనమ్మా. పాపకి తెలీదు. ఏమన్నా రాసేదుంటే నా పేరు మీద రాయండి.”

ఆమె ఆయన కాళ్లకేసి చూసింది. “చెప్పులేవి పెద్దాయనా?”

“బయట ఇడిసినా.”

“ఎందుకు? ఇదేమన్నా గుడా? పోయి ఏసుకోని రా.”

మామ పోయాడు. చెప్పులు వేసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? చాలాసేపు పట్టింది. పైపంచెతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు.

నంబరు కప్పినందుకు ఫైను కట్టించుకుని రసీదిచ్చింది. నోటు విషయం ఈసారికి వదిలేస్తానంది, రెండోసారి దొరికితే వదలనంది. లైసెన్సు చేతికిచ్చింది. ఇస్తూ: “ఇంక ఎవరాపినా సీట్లోనే ఉండు. కాగితాలు చూపించు. తప్పుంటే రాసియ్యమను. గొంతు పెంచొద్దు, తల దించొద్దు.” తలుపు దాకా వచ్చాక: “ఆ ఇంకో చోటు యాడో రాసిస్తే పైకి పంపుతా. రాయకుంటే నేనేం చెయ్యలేను. ఆలోచించుకో.”

బస్టాండు దగ్గర మామకి కాఫీ ఇప్పించాను. శనివారం అన్న మాటకి తప్పయిందని చెప్పాను. “కాఫీలో చక్కెర చాల్లేదు” అన్నాడు. అంటే అయిపోయింది.

ఆగస్టు 12

మూలాయన లేడు. సెలవట. ఇవాళే ఉండకూడదూ!

ఆగస్టు 13, బుధవారం

ఉన్నాడు. ఈల వేశాడు.

కాలు తనంతట తాను క్లచ్ మీంచి దిగిపోతోంది, చెయ్యి తలుపు గొళ్లెం మీదికి పోయింది. లాక్కున్నాను. గ్లాసు దించాను.

ఆయన గట్టు మీద నుంచే, “దిగి రామ్మా.” నేను దిగలేదు. కాసేపు చూసి ఆయనే వచ్చాడు. ఫోన్లో అన్నీ చూపించాను. బుక్కు అడిగాడు. “ఫోన్లో ఉండేదీ చెల్లుతాది సార్.” ఆయన చేతులు ఖాళీ. పట్టుకుని అవతలికి పోవడానికి ఏమీ లేదు!

“లోడు ఎక్కువుంది. దిగు.”

“దిగను సార్. ఏం తప్పో రాసియ్యండి, కట్టి పోతా.”

“పక్కకి పెట్టు అయితే. పెట్టి ఉండు.”

పెట్టాను. ఇంజను ఆపాను. ఆయన గట్టుకి పోయి వీపు తిప్పి నిలబడ్డాడు. ఎండ అద్దం మీదికి ఎక్కుతోంది. తిమ్మక్కకి ఫోన్ చేశాను. అక్కా, నీ పువ్వు... అంటూ జరిగింది చెప్పాను. మొత్తం విన్నాక ఆమె: “వాడితే వాడనీ. నువ్వు దిగినావంటే మాత్రం రేపట్నుంచి నా తోటకి రావద్దు!”

బాటిల్లో నీళ్లు చేతికి పోసుకుని సీట్లోంచే వెనక అందినంత వరకు చల్లాను. ఇంతలో సెల్వం బండి వచ్చింది. దానికీ ఈల. సెల్వం ఒక కాలు కింద పెట్టి నన్ను చూశాడు. సీట్లో ఉన్నాను. ఆ కాలు మెల్లగా మళ్లీ లోపలికి పోయింది. వాడి వెనక మల్లెల బండి. అదీ ఆగింది, దాంట్లోంచీ ఎవరూ దిగలేదు. మూడు బండ్లు, మూడు దించిన గ్లాసులు. వాటి వెనక మలుపు తిరగలేక టౌను బస్సు, ఆ డ్రైవరు హారన్ మీదనుంచి చెయ్యి తీయడం లేదు.

మూలాయన నడుచుకుంటూ నా బండి దగ్గరికి వచ్చాడు. మళ్లీ రాస్తాను, ఆ మాట బాగుంది. ఆయనే నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

“పో.”

“రాసిచ్చేది ఏమీ లేదా సార్?”

“పోమ్మా తల్లీ, పో!”

పై వరస రేకులు నల్లబడ్డాయి. అడుగు వరస బాగానే ఉంది. మార్కెట్టు దాకా పాడుకుంటూ పోయాను, నా గొంతు ఎలాంటిదో తెలిసి కూడా.

ఆగస్టు 14

స్టాండులో టీ చల్లారిపోయింది, ఎవరూ నన్ను తాగనివ్వలేదు. ఏమన్నావు, ఎట్లా అన్నావు, మళ్లీ అను. ఒకాయన నోటు పుస్తకంలో రాసుకున్నాడు, ‘దిగను సార్, రాసియ్యండి’ అని. గొంతు పెంచొద్దు అన్నది అడుగున గీత గీసి రాయమన్నాను. సెల్వానికి అదే కష్టం.

ఆగస్టు 18, సోమవారం

మూలాయన సెల్వాన్ని ఆపాడట. రాసియ్యమన్నాడట సెల్వం. నిజంగానే రాసిచ్చారు – పై ఆఫీసరుని పిలిచి – వెనక దీపం వెలగడం లేదని. దీపం వెలగని మాట నిజమే! సెల్వం ఆ కాగితం అందరికీ చూపిస్తూ తిరుగుతున్నాడు, పెళ్లి పత్రికలాగా. “తప్పుకే కట్టినా అక్కా, చెప్పులేసుకోనే కట్టినా.”

ఆగస్టు 22, శుక్రవారం

సెల్వం తర్వాత ఈ వారం ఒక్క పూల బండీ ఆ మూల దగ్గర ఐదు నిమిషాలు ఆగలేదు.

మామ టీకొట్టు దగ్గర కూర్చుని కథ చెబుతున్నాడు. ఆయన చెప్పే కథలో నాకు ధైర్యం చెప్పింది ఆయనే, రసీదు సంగతి కనిపెట్టిందీ ఆయనే. పులి మాట ఎక్కడా లేదు. పక్కనే నిలబడి అంతా విన్నాను. “ఔనా మామా?” అన్నాను. “బండి కడిగినావా నువ్వు?” అన్నాడు.

సాయంత్రం ఆర్.సి. బుక్కు తెరిస్తే మడతలో ఏదో ఉంది. మళ్లీ నోటా అనుకున్నాను. తీసి చూస్తే మేడమ్ ఇచ్చిన ఫైను రసీదు. మామే మడిచి పెట్టాడు.

ఆగస్టు 26, మంగళవారం

రేపు వినాయక చవితి. మార్కెట్టు కిక్కిరిసి ఉంది. లోడు దించుతుంటే వెనక నుంచి, “రెండు కట్టలు ఇయ్యమ్మా.” గళ్ల చొక్కా, చేతిలో సంచి. టోపీ లేకపోతే మనిషి ఎంత చిన్నగా ఉన్నాడు! మూలాయన.

ఇచ్చాను. జేబులో చెయ్యి పెట్టి, రేటు ఎంతో అడిగి మరీ ఇచ్చాడు. చిల్లర అందుకుంటూ, నన్ను చూడకుండా: “కృష్ణగిరి మేడంకి నువ్వేమన్నా రాసిచ్చినావంట?”

“ఇంకా లేదు సార్.”

“నాకు ఇంకా మూడేండ్లే సర్వీసుంది.” తల ఊపి, పువ్వులు ఎండ తగలకుండా సంచిలో పెట్టుకుని పోయాడు. ఇంటికి పువ్వులు మోసుకుపోయే మనిషే. నాకది తెలుసుకోవాలని లేదు.

ఇంటికొచ్చాక మేడమ్ కోసం రాసిపెట్టిన కాగితం తీశాను. ఈసారి మూల పేరు, ఆయన పేరు, నేను ఇచ్చిన రోజులు, అన్నీ ఉన్నాయి. ఇప్పుడు ఆయన ఆపడం లేదు కదా, ఇంకెందుకు అని ఒక మనసు. మాకు ఆపడం లేదు, కూరగాయల బండ్లవాళ్లు ఇంకా దిగుతున్నారు, పొద్దునే చూశాను కదా అని ఇంకో మనసు. ఆయన అడిగేదాకా సంతకం చెయ్యాలనే అనుకున్నాను. అడిగిన గొంతు చెవిలోంచి పోవడం లేదు.

మామ చదవమన్నాడు. చదివాను. పెన్ను అడిగాడు.

“నీకెందుకు మామా, నీ బండి కాదు గదా?”

“చెప్పులిడిసింది నేను గదమ్మా, ముప్పై ఏండ్లు.”

కింద వంకర టింకరగా సంతకం పెట్టి కాగితం నా వైపు జరిపాడు. దాని పైన నా పేరుకి జాగా వదిలాడు. పెన్ను మూత తీసే ఉంది.

పొద్దున నాలుగున్నరకి తిమ్మక్క పువ్వు కోయిస్తుంది. దారి ఆ మూల మీదుగానే.