పగులు మీద వెండి రంగు

మంగళవారం, సంగం

ఇంత తిక్క పని నా సర్వీసులో చూడలేదు. నెల కిందట కాలవ మీది ఇనుప వంతెనలో ఒక ఏటవాలు కమ్మీకి పగులు కనిపిస్తే, చుట్టూ ఎర్ర రంగుతో సున్నా గీసి, రిపోర్టు పంపినా. ఇయ్యాల్టికి పెద్దసారు చూడ్డానికి వచ్చినారు. ఆయన వస్తున్నారని రంగులేసే కోటయ్యన్న నిన్ననే నా సున్నా మీద కూడా రెండు పూతలు వెండి రంగు కొట్టేసినాడు. "సారొచ్చే పూట ఆ ఎర్ర మరకేంది మేడమ్, అసయ్యంగా!" అంటాడు.

మెరిసే వంతెన చూసి సారు మురిసిపోయినారు. పగులుంది, లారీలు ఆపుదామని నేనంటే, "ఒక కమ్మీ పోతే పక్కవి బరువు పంచుకుంటాయి కదమ్మా. నెలగా వడ్ల లారీలు పోతానే ఉండాయి, ఏమయింది?" అన్నారు.

పంచుకుంటాయి, నాకు తెలీదా? ఎన్నాళ్లు మోస్తాయో ఆయనకు తెలుసా? ఈ వంతెన మూలగనైనా మూలగదు. పడే ముందురోజు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది, దీంతో వచ్చిన చావే అది.

సారు కారెక్కినాక నేనూ కోటయ్యన్నా ఇనుప బ్రష్షుతో ఆ రంగంతా గీకినాం. పాత పగులు అట్నే ఉంది. మనసొప్పక పక్క కమ్మీ కూడా గీకించినా. దానికీ ఒకటి. వెంట్రుకంత, కొత్తది.

లారీలు ఆపేదానికి ఇంక నేనెవర్నీ అడగలేదు. కోటయ్యన్న ఖాళీ రంగు డబ్బాలు రోడ్డుకడ్డంగా పేర్చి, వచ్చే లారీ ముందు వెండి రంగంటిన చేతులు చాపి నిలబడినాడు.