పక్క తిప్పినట్టు రాశారు మామ్మా

మామ్మా,

నిన్ను తొమ్మిది రోజులు వెల్లకిలా వదిలేసి, నీ వీపు పుండు చేసి చంపింది రాజమహేంద్రవరంలోని ఆ నర్సింగ్ హోమ్. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

నువ్వు పోయి రేపటికి నెల. ఇవాళ నీ కేస్ షీట్ నకలు చేతికొచ్చింది. రెండు గంటలకోసారి నిన్ను పక్కకి తిప్పినట్టు గడిగడికీ సంతకం ఉంది. ఆఖరి రోజు సాయంత్రం ఆరింటికి కూడా తిప్పారట! ఆ వేళకి నువ్వు మనింటి వాకిట్లో చాప మీద ఉన్నావు.

చదివి వినిపిస్తే సత్యవతి పిన్ని చేపల తట్ట దించేసింది. నీ పక్కన ఇసకలో కూర్చుని ఇన్నేళ్లూ చేపలు ఎండబెట్టిన మనిషి.

"ఎండుచేపనైనా పూటపూటకీ తిరగేస్తాం కదరా, లేకపోతే కిందపక్క కుళ్లిపోదూ! మనిషిని అలా వదిలేశారా?" అంది.

నాకూ సిగ్గుగానే ఉంది. మూడోరోజు నువ్వు "వీపు మండిపోతోందిరా" అంటే తిప్పబోయాను. "ముట్టుకోకండి, మేం చూసుకుంటాం" అంది సిస్టరు. "అలాగేనండి" అన్నాను. కరపత్రాలు చదివి ఊరందరికీ హక్కులు చెప్పేవాణ్ణి, అక్కడ చేతులు కట్టుకు నిలబడ్డాను.

ఈ ఉత్తరం నువ్వు చదవలేవు. అందుకే అచ్చువేయించి రేవులో పంచుతున్నాను. ఆ సాయంత్రం ఎవరిని తిప్పారో, సంతకం పెట్టినవాళ్లు మన మొహాలు చూసి చెప్పాలి.

రేపు పిన్నీవాళ్లు చేపలు ఆరెయ్యడం లేదు. చదివినవాళ్లంతా పొద్దున్న ఎనిమిదింటికి ఆ ఇసక దగ్గరికే రండి. అక్కణ్ణుంచి ఆస్పత్రి గేటుకి కలిసే వెళ్దాం.