మీరడిగిన ప్రార్థన

ఆదివారం, జూన్ 14

గౌరవనీయులైన బాబాయ్ గారికి,

కీమో వార్డు నర్సు అమ్మాయి నమస్కరించి రాసుకుంటున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. మీకు మళ్ళీ ఆకలి వేస్తోందని, కుట్టుమిషను ముందు కూర్చుంటున్నారని మీ ఉత్తరంలో చదివాక నాకు ప్రాణం లేచొచ్చింది. మా కొత్త ఏప్రన్లు చూస్తే మాత్రం మీరు ఊరుకోరు. పాతవి కుట్టినవాడికి కళ్ళు కనిపించవా అని మందు ఎక్కుతున్నంతసేపూ తిట్టిపోసేవారు కదా.

ఇక అసలు సంగతి. మీ చెల్లెలు గారికి కూడా క్యాన్సరని తేలిందని, మందు ఎక్కించుకోనని ఆవిడ మొండికేస్తున్నారని రాశారు. మందు పెట్టే ముందు మేమిద్దరు నర్సులం మీ కుర్చీకి చెరోపక్క నిలబడి చేసిన ప్రార్థనను మీకు రాసి పంపితే, వాళ్ళ ఆసుపత్రిలో కూడా అదే చదివిస్తానని ఆవిడకు మాటిచ్చారట. అలాగైతే వస్తానన్నారట ఆవిడ. ఏం జవాబు రాయాలో తెలియక కొన్నాళ్ళుగా మీ ఉత్తరం సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను.

బాబాయ్ గారూ, అది ప్రార్థన కాదు. ఈ మందు ఎవరికి ఎక్కించాలన్నా ఇద్దరు నర్సులు కలిసి సరిచూడాలి. ఒకరు మందు సంచి మీది చీటీని పైకి చదువుతారు: పేరు, వయసు, మందు, మోతాదు. రెండోవాళ్ళు చేతి పట్టీ, డాక్టరు రాసిన కాగితం చూసి అదే తిరిగి చెబుతారు. అంతే.

తొలిసారి మందు పడ్డాక ఇక రానంటే రానని మీరు భీష్మించుకున్నారు. రెండోసారి పిన్నిగారు బతిమాలి తీసుకొచ్చారు. మాస్కుల్లోంచి మా గొణుగుడు, నోరు తిరగని మందుల పేర్లు, వాటి మధ్య మీ పేరు వినిపించాయి. మీరు చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు. అంతా అయ్యాక, "నా పేరెత్తి మరీ ప్రార్థించారమ్మా. మా ఇంట్లోవాళ్ళు కూడా ఇంత శ్రద్ధగా చెయ్యరు" అన్నారు. ఆ తరవాత మిమ్మల్ని ఎవరూ బతిమాలనక్కర్లేకపోయింది.

నిజం చెప్పేయాలని నా జోడీ నర్సు పట్టుబట్టింది. దేవుడికి దండం పెట్టనిదే ఆమె డ్యూటీ ఎక్కదు. మిల్లీగ్రాముల లెక్కను ప్రార్థన అనుకోనిస్తే దేవుడి పేరు చెప్పి మోసం చేసినట్టేనని ఆమె బాధ. పెద్ద డాక్టరు గారు దేవుణ్ణి నమ్మరు, ఆ సంగతి దాచుకోరు కూడా. ఆయనేమో చెప్పొద్దన్నారు. మన మందుల గదిలో లేనిదేదో ఆ పెద్దాయనకు దొరికింది, దాన్ని లాక్కునే హక్కు మనకెక్కడిది అన్నారు. చూశారా, భక్తురాలు వద్దంటే నాస్తికుడు ఉండనివ్వమంటాడు. మధ్యలో నేను. నా నమ్మకం ఏమిటో నాకే సరిగ్గా తెలియదు. మీరు అడిగితే అబద్ధం చెప్పను, అడగకపోతే కదిలించను అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు మీరు అడిగారు.

అందుకని ప్రార్థన రాసి పంపలేను. చెల్లెలు గారికి ఒక మాట మాత్రం చెప్పండి. అక్కడ కూడా ఇద్దరు నిలబడతారు. ఆవిడ పేరు పైకి చదువుతారు. తనకు తెలిసిన దేవుణ్ణి తలుచుకోవాలనిపిస్తే ఆవిడ తలుచుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఆ కాసేపు ఆ ఇద్దరికీ ఆవిడ తప్ప లోకంలో ఇంకెవరూ ఉండరు. ఇందులో మాత్రం రవ్వంత అబద్ధం లేదు.

నా మీద కోప్పడినా సరే, ఆవిణ్ణి మందుకు తీసుకెళ్ళండి. పిన్నిగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
ఎప్పటికీ మీ రుణం తీర్చుకోలేని
వార్డు అమ్మాయి

తా.క. రుణమేమిటి అనుకుంటారేమో. అప్పట్లో చెబితే బెదిరిపోతారని ఆగాం, ఇప్పుడు పెద్ద డాక్టరు గారే రాయమన్నారు. ఒకరోజు మీ మందు చాలా ఆలస్యమైంది. కుర్చీలన్నీ నిండిపోయి, ఏ మూల చూసినా పిలుపులే. అలాంటి రోజున చదివేవాళ్ళ నాలుక పరుగెడుతుంది. కానీ ఎదురుగా మీరు కళ్ళు మూసుకుని, చేతులు జోడించి కూర్చున్నారు. అలా కూర్చున్న మనిషి ముందు గబగబా చదవడానికి మనసొప్పలేదు. ఒక్కో మాటా ఆగి ఆగి చదివాను. పేరు మీదే. ఇంటిపేరూ మీదే. వయసు మీది కాదు, మందూ మీది కాదు. అదే పేరున్న ఇంకొకాయన సంచి అది. వెంటనే వెనక్కి పంపేశాం. ఏమైందమ్మా అని మీరు అడిగితే, మందు మళ్ళీ తెస్తున్నారు, మళ్ళీ చదవాలి అన్నాను. "పోనీలే, రెండుసార్లు ప్రార్థిస్తే మంచిదేగా" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

చెల్లెలు గారినీ చేతులు జోడించి కూర్చోమనండి. చదివేవాళ్ళు నెమ్మదిస్తారు.