నాన్న పాదం మోపిన మడి

జూలై 18, శుక్రవారం

మా ఇంటి మహారాణి రేఖకి,

మంచం మీద మహారాజులా పడుకుని మీ నాన్న రాస్తున్నాడు. ఫోను చేస్తే మీ అమ్మ స్పీకరు పెట్టేసి నా మాటలు కూడా తనే చెప్పేస్తుంది. అందుకే నువ్విచ్చిన నోటుబుక్కు తీశాను. ఏడో తరగతి చదువు కదా, తప్పులుంటే నీ బడిపిల్లలకి దిద్దినట్టు దిద్దుకో.

ఆపరేషనై నెల దాటింది. నొప్పి పోయింది తల్లీ! నాలుగేళ్లపాటు నడుములోంచి కాలిదాకా పీకిన నొప్పిని ఎవరో చేత్తో తీసి పారేసినట్టుంది. 'వెన్ను కోస్తే మనిషి లెగడు' అని మీ అమ్మ ఏడుస్తుంటే, నువ్వు శృంగవరపుకోట నుంచి సెలవు పెట్టి వచ్చి, ఒక్కదానివే పట్టుబట్టి విశాఖ తీసుకెళ్లావు. నువ్వు నా కూతురివి కాదు, నన్ను కన్న అమ్మవి.

ఇక్కడ నాకు ఏ లోటూ లేదు. మోకాళ్ల కింద దిండు. పక్కకి తిరగాలంటే దుంగలా మనిషి మొత్తం ఒక్కసారే తిరగాలి. పొద్దున్నా సాయంత్రం బెల్టు కట్టుకుని వాకిట్లో నడక. మీ అమ్మ అన్నం మెత్తగా పిసికి పెడుతోంది. "నడుం కోసినారు గానీ పళ్లు పీకనేదే!" అన్నాను. "నోరు కూడా కుట్టీవలసింది" అంది. ఇంత సుఖం నా జన్మలో ఎరగను.

కాలు ఎలా ఉందని మొన్న అడిగావు. భేషుగ్గా ఉంది. నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ సంతోషాల
నాన్న


జూలై 27, ఆదివారం

నా తల్లి రేఖకి,

ఈ ఉత్తరం ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు. కాలు భేషుగ్గా ఉందని రాశాను. అబద్ధం. కుడికాలు మోకాలి కింద నుంచి మొద్దుబారిపోయింది. గిల్లినా తెలీదు. చీమ కుట్టినా చూస్తే తప్ప తెలీదు. కుట్లు విప్పిన రోజు డాక్టరు "తిమ్మిరి ఉందా?" అని అడిగితే లేదని తల ఊపాను. నువ్వు పక్కనే నిలబడి నవ్వుతున్నావు. ఆ నవ్వు ముందు ఉందని చెప్పలేకపోయాను. చెబితే, పట్టుబట్టి ఆపరేషను చేయించింది నేనే కదా అని కుమిలిపోతావు. అప్పటికి నొప్పి పోయింది, అది చాల్లే అనుకున్నాను.

మంగళవారం మీ అమ్మ మొక్కు తీర్చడానికి శ్రీముఖలింగం వెళ్లింది. ఇంటి వెనక పెద్దమడిలో ఉబాలు, వరినాట్లు మొదలు. నీ తమ్ముడు గోపి ట్రాక్టరుతో దమ్ము పట్టి ఒక్కరోజే అయింది. బురద కుదురుకుందో లేదో నా పాదం పెట్టి చెబితేనే జగ్గమ్మ జట్టు నాట్లకి దిగుతారని నీకు తెలుసు. నలభై ఏళ్ల అలవాటు. పాదం చీలమండ దాకా దిగి, అడుగున మెత్తటి చాప తగిలినట్టు ఆగాలి. అప్పుడే నాటాలి.

కర్ర పట్టుకుని వెళ్లాను. పన్నెండు మంది ఆడవాళ్లు గట్టు మీద నా కోసమే నిలబడ్డారు. "అదిగో, పెద్దాయన ఒచ్చీనాడు!" అంది జగ్గమ్మ. నా ఆనందం ఏమని రాయను! గోపి మాత్రం నా చెవి దగ్గరికొచ్చి, "నాన్నా, ఇంకో రోజు ఆగుదాం, బురద ఇంకా పల్చగున్నాది" అన్నాడు. నేను వినలేదు. కుడిపాదం పెట్టాను. దిగింది. అడుగు తగిలిందో లేదో తెలీలేదు. చల్లగా ఉందో వెచ్చగా ఉందో కూడా తెలీలేదు. అందరూ నా మొహమే చూస్తున్నారు. "నాటండి" అన్నాను.

తెల్లారేసరికి సగం మడి నారు పైకి తేలిపోయింది. జగ్గమ్మ గోపిని పట్టుకుని, "ఏటిరా, దమ్ము పట్టినావా, ట్రాక్టరెక్కి షికారు సేసినావా? మీ అయ్య కాలు తప్పు సెప్తాదేటి?" అంది. వాడు తల వంచుకుని నారు ఏరుకున్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ పడుకున్నాను. నోరు విప్పలేదు. సిగ్గు వేయాలి కదా, అదీ వేయలేదు. ఏడుపూ రాలేదు. కాలికి పట్టిన మొద్దుతనం పైకి పాకిందేమో అనిపించింది. నాలుగు రోజులుగా అలాగే పడున్నాను. దిండు సరిగ్గానే ఉంది. అన్నం వేళకి వస్తోంది. వాడు వచ్చి బెల్టు కట్టి వెళుతున్నాడు, ఒక్క మాట అనడు.

ఏం చేయమంటావు?

నాన్న


ఆగస్టు 2, శనివారం

నా ప్రాణం, నా వెలుగు, నా రేఖకి,

నీ జవాబు అందింది. 'నా గురించి తర్వాత బాధపడుదురుగాని, ముందు తమ్ముడితో చెప్పండి' అని రెండే ముక్కలు రాశావు. చెప్పేశాను తల్లీ!

గోపి బెల్టు బిగిస్తుంటే, "ఒరే, ఆ రోజు నా కాలికి ఏటీ తెలీనేదురా" అన్నాను. వాడు పట్టీ లాగుతూనే, "తెలుసు" అన్నాడు.

"ఎలాగ తెలుసురా?"

"మడికాడికొస్తన్నప్పుడు నీ కుడిసెప్పు దారిలో ఊడిపోనాది. నువ్వు సూసుకోకుండా ఉత్తికాలితోనే నడిసొచ్చీసినావు. ఎనకాల నానే తీసి పట్టుకున్నాను."

"మరి అందరి ముందూ నన్నెందుకు ఆపనేదు?"

"నెలరోజుల తర్వాత ఆ రోజే నీ మొగంలో నవ్వు సూసినాను నాన్నా. నారుదేటుంది, మళ్లీ నాటుకుంటాం. జగ్గమ్మ తిట్లు నాకు కొత్తేటి?"

అప్పుడొచ్చిందమ్మా ఏడుపు. నడుము అదిరేటట్టు ఏడ్చాను. మీ అమ్మ పరిగెత్తుకొచ్చింది. తనకీ చెప్పేశాను. "నాకు సెప్పకుండా ఇద్దరూ నాటకాలాడతన్నారేటి!" అని తిడుతూ నా కాలు ఒళ్లో పెట్టుకుని అరగంట రాసింది. నాకు తెలీలేదు. అయినా ఆమె చేతుల వైపే చూస్తూ ఉన్నాను.

సోమవారం గోపి నన్ను విశాఖ తీసుకెళతాడు. ఈసారి డాక్టరుకి అన్నీ నిజమే చెబుతాను. స్పర్శ తిరిగొస్తుందో రాదో నాకు తెలీదు. రాకపోయినా నువ్వు చేసింది తప్పు కాదు. నాలుగేళ్లుగా నిద్ర లేనివాణ్ణి, ఇప్పుడు పడుకుంటున్నాను.

నిన్న చిన్నమడికి వెళ్లాం. నేను గట్టు మీద కుర్చీలో కూర్చున్నాను. జగ్గమ్మతో, "ఆ రోజు తప్పు నాదేనే. ఆడు ఆగుదామన్నాడు" అని అందరికీ వినబడేటట్టు చెప్పాను. జగ్గమ్మ గోపి వైపు తిరిగి, "మరయితే నువ్వు సెప్పరా" అంది.

వాడు బురదలో కాలు పెట్టాడు. కళ్లు మూసుకుని నిలబడ్డాడు. నా వైపు చూస్తాడేమో అనుకున్నాను, చూడలేదు. "ఇయాల వద్దు, రేపు" అన్నాడు.

పన్నెండు మందీ కిక్కురుమనకుండా కొంగులు సర్దుకుని వెనక్కి వెళ్లిపోయారు. నలభై ఏళ్లలో నా మాటకి ఒక్కసారైనా అలా తిరిగారా చెప్పు! నేను వద్దంటే ఒక గంట గొణిగేవారు!

పట్టరాని ఆనందంతో,
మీ ఇద్దరి నాన్న
చినబాబు