అవ్వ పిలిచిన మస్టర్

గోదావరిఖని, ఏప్రిల్ 1972. ఆదివారం.

సాయంత్రం ఆశ్రయానికి నవారు మంచాలు అల్లడానికి వెళ్ళాను. ఇల్లు లేనివాళ్ళంతా కలిసి మంచాలు అల్లి, అవి అమ్ముకుని వండుకు తినే ఆ రేకుల కొట్టంలో నేనూ మూడేళ్ళు పడుకున్నాను. బొగ్గుబాయిలో పని దొరికి, క్వార్టర్ వచ్చాక, సెలవు రోజున సాయానికి పోతున్నాను.

దీపాలు పెట్టగానే, ఆశ్రయం చూసుకునే లచ్చవ్వ, బాయి మీద హాజరు పిలిచినట్టే, మస్టర్ పిలిచింది. పేరు వినబడి "ఉన్న" అన్నవాడికే ఆ రాత్రి పడుకునే జాగా. ముసలిది పాత అలవాటు కొద్దీ నా పేరు కూడా పిలిచేసింది. నా నోరైనా ఊరుకుందా? "ఉన్న" అన్నాను.

అందరూ నవ్వారు. గోడ పక్కన నా పాత జాగాలో కొత్తగా చేరిన కొమురయ్య మాత్రం నవ్వలేదు. లేచి బొంత చుట్టడం మొదలుపెట్టాడు.

"నువ్వు పండుకో అన్నా. నేను బయట పండుకుంట."

సిగ్గుతో చచ్చిపోయాను. "కూసో తమ్మీ. నాకు క్వార్టర్ ఉన్నది."

"తప్పు నాదే బిడ్డా," అంది లచ్చవ్వ. "ఇగ నీ పేరు పిలువ."

న్యాయమే. తాళం వేసుకునే తలుపు కోసం ఎన్నాళ్ళు కలవరించానో నాకు తెలుసు. ఇప్పుడు ఆ తలుపు వేసుకునే కూర్చున్నాను. రెండు గదులు. ఏ గదిలో పడుకున్నా అడిగేవాళ్ళు లేరు.

వచ్చే ఆదివారం అక్కడ దీపాలు పెట్టకముందే ఇంటికి వచ్చేయాలి. మస్టర్‌లో నా పేరు ఉండే చోట అవ్వ ఆగకుండా దాటిపోతుంటే వినలేను.